నున్నగా చేసిన వాలు

వంటక్క తమ్ముడితో మాట్లాడటం మానేసింది. తిట్టడం మాత్రం మానలేదు. గరిటెకు చెప్పేది, గిన్నెకు చెప్పేది, అన్నానికి కూర్చున్న మిగతా గార్డులకు చెప్పేది. అతను తలవంచుకుని తిని, ఆవిడకు కట్టెలు కొట్టిపెట్టి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

రిజర్వు అడవిలో గార్డుల క్యాంపుకు ఆవిడే వంటమనిషి. భర్త పోయాక ఆ పొయ్యే ఆవిడకు దిక్కయింది. ఒంట్లో బాగోలేని గార్డుకు విడిగా మెత్తగా వండి మంచం దాకా పట్టుకెళ్ళేది. ఆ చేతుల మీద ఎప్పుడూ ముళ్ళ గీతలే. క్యాంపుకు నీళ్ళిచ్చే ఊట వాలు కింద ఉంది; బిందెతో పొదల మధ్య నుంచి ఎక్కి రావాలి. తమ్ముడు ఆ గీతలు చూడలేకపోయాడు. ఆవిడ తన కూతురి పురిటికి వెళ్ళినప్పుడు అతను దారి వెడల్పు చేయబోయి, చేసే పనేదో పూర్తిగా చేద్దామని వాలు మీది పొదలన్నీ నరికేశాడు. రాలిన ఆకులు కూడా ఊడ్చి తగలబెట్టాడు. వాకిలిలా ఉందని తోటివాళ్ళు మెచ్చుకున్నారు.

వానలొచ్చాయి. ఇదివరకు ఆకుల్లో, వేళ్ళలో ఆగి మెల్లగా ఇంకే నీళ్ళు, ఇప్పుడు కాలు నిలపకుండా మట్టితో సహా కిందికి పరుగెత్తాయి. వానాకాలం పోగానే ఊట సన్నబడింది. ఎండలు ముదరకముందే చుక్కలకొచ్చింది. నీళ్ళు లేకపోతే క్యాంపు ఎత్తేస్తామని రేంజరు చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం తమ్ముడు దూరపు వాగు నుంచి కావడితో నీళ్ళు తెచ్చి గుమ్మంలో దించాడు. భుజం తోలు లేచిపోయి ఉంది. అది చూసేసరికి వంటక్క కోపం రెట్టింపయి, ఇన్నాళ్ళకు నేరుగా అతని మీదే విరుచుకుపడింది.

"నా చేతులు గీరుకుపోతే నీకెందుకురా? నేనేమైనా ఏడ్చానా? దేవుడు నేలకి కప్పిన దుప్పటి లాగిపారేశావు. ఇప్పుడు భుజాలు చీరుకుపోయేలా మోస్తే సరిపోతుందా?"

"నీ కోసమే కదక్కా..."

"నా కోసమే నా పొయ్యి ఆర్పావు."

అతను నడుమున ఉన్న కత్తి తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇంక ముట్టను. నువ్వే దాచెయ్."

"కత్తేం చేసింది, దాచడానికి? పట్టినవాణ్ణి ఎక్కడ దాచను?"

పక్కనున్న గార్డు నవ్వబోయి, ఆవిడ చూపు తగిలి దగ్గాడు.

ఆవిడే అతని భుజానికి నూనె రాసింది, అంత మెత్తగా ఏం కాదు. తెల్లారగానే గునపం చేతికిచ్చి వాలెక్కించింది. నరికిన మోళ్ళు కొన్ని చిగుర్లు వేస్తున్నాయి. వాటి జోలికి పోకుండా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వమంది, ఎండుకొమ్మలు పరవమంది. ఊట మళ్ళీ పుంజుకుంటుందో లేదో, అప్పటిదాకా రేంజరు ఆగుతాడో లేదో ఎవరికీ తెలియదు. ఒక మోడు చిగురు మీద అతని కాలు పడబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఆ చెయ్యి వదలకుండానే మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.