సిరిసిల్ల ఫౌండ్రీలో పసుపు గీత

మా బిడ్డ సుజాత సిరిసిల్లలో మగ్గాలకు ఇనుప పళ్ల చక్రాలు పోతపోసే చిన్న ఫౌండ్రీ నడుపుతుంది. పోయిన నెల కరిగిన ఇనుము మోసుకెళ్తుంటే ఎవరో అడ్డం వచ్చారు. ఆగితే చల్లారి పోత పాడవుతుందని మోసేవాళ్లు ఆగలేదు. ఇనుము తొణికి, మోసేవాళ్లలో ఒకడైన రాజేశం పాదం కాలింది. ఆనాటి నుంచి సుజాతకు నిద్ర లేదు, కాబట్టి నాకూ లేదు. కొత్త పద్ధతిలో మొదటి పోత గురువారమని తెలిసి, ఆ పొద్దున్నే జగిత్యాలలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. కోరుట్ల దాకా సీటూ సున్నానే.

కోరుట్లలో దిగింది తోలు కాలితొడుగుల కోసం. కుట్టిన కరీం మూట అందిస్తూ, "మందంగనే కుట్టిన అమ్మా. గానీ, ఆ పనోళ్లు ఏసుకుంటరా?" అన్నాడు.

"ఏసుకోకుంటే నేనే తొడుగుత." ధైర్యమంతా మాటల్లోనే.

కథలాపూర్ మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారితే సిరిసిల్ల. ఎవరైనా అడ్డం వస్తే ఇవాళైనా ఆగుతారా? దారి పొడుగునా ఇదే ఆలోచన. బస్టాండు దగ్గర ఆటో అతను ఎనభై అడిగి అరవైకి దిగాడు. "ఇనుము కాడ నీకేం పని పెద్దమ్మా?"

"కరుగుతదో లేదో సూద్దామని."

లోపల సుజాత చాలా మార్చింది. నేలమీద గొంతుక్కూర్చుని ఇసుక అచ్చులు చేసేవాళ్లకు నడుమెత్తు బల్లలు వచ్చాయి. దారిలోని సైకిళ్లు బయటికి పోయాయి. ఇనుము బకెట్టు భుజాల మీద నుంచి చక్రాల బండి మీదికి మారింది. దారికి రెండువైపులా పసుపు గీత. గీతల మధ్య మనిషి కనబడితే బండి ఆగాల్సిందే. తోలు తొడుగులు మాత్రం మారుమాట లేకుండా వేసుకున్నారు. రాజేశం కాలు అందరూ చూశారు మరి.

"గీ ముగ్గులు సూసుకుంట కూసుంటే ఇనుము ఆగుతదా మేడం?" అన్నాడు బండి తోసే పెద్దాయన యాకూబ్.

కొలిమి తెరిచారు. వేడి మొహాన కొట్టింది. ఒక్కో అచ్చు నిండుతోంది. బండి ఆఖరి అచ్చు వైపు వస్తోంది. ఆ అచ్చు మీదికి సుజాత వంగింది, చున్నీ కొస జారింది. నాకు గీతా గుర్తులేదు, వయసూ గుర్తులేదు, చున్నీ పట్టుకుందామని ఉరికాను.

"ఏయ్, ఆపుండ్రి! పెద్దమ్మా, ముగ్గు బయటికి నడువు!" యాకూబ్ గొంతు.

బండి ఆగింది. నేను వెనక్కి తగ్గేదాకా కదల్లేదు. ఆలోపు ఇనుము చిక్కబడి ఆఖరి చక్రం సగమే నిండింది.

"ఒకటి ఖరాబైంది," అన్నాడు యాకూబ్, నావైపు చూస్తూ. "పోతె పోనియ్. నీ కాళ్లు మిగిలినయ్."

సుజాత నన్ను తిట్టడానికి నోరు తెరిచి, తిట్టకుండానే స్టూలు మీద కూలబడి నవ్వింది. నెల తర్వాత విన్నాను ఆ నవ్వు.

ఆగుతారా అని దారంతా భయపడ్డాను; ఆ పరీక్ష నేనే అవుతాననుకోలేదు. ఆ చక్రం ఇప్పుడు మా కిటికీలో పేపర్లు ఎగరకుండా కూర్చుంది. పళ్లు సగం లేవు, నాకంటే నయమే. ఫౌండ్రీ చూడబోయేవాళ్లకు ఒక్క మాట: నూలు బట్టలు, మూసిన బూట్లు వేసుకోండి, గీత బయటే నిలబడండి. లోపల ఉన్నది మీ బిడ్డయితే ఇంకో రెండడుగులు వెనక్కి.