మామ బతికుండంగనే భజన

క్యాబ్‌ల మీరంత అడుగుతుంటరు గద, పొద్దుగాల్నే లంచ్ బ్యాగ్ మీద వేళ్ళతోని ఏం టకటక కొడుతున్నవని? చెప్త, గని నవ్వద్దు. మొన్న వానకాలంల ఒక ఆదివారం మా ఇంటికి ఊరోల్లంత పూలదండలు పట్టుకొని వచ్చిన్రు. ఎందుకంటే మా మామ పోయిండట! మామనేమో అరుగు మీద నిమ్మళంగ పండుకొని ఉన్నడు. మరి బతికున్న మనిషిని సాగనంపింది ఎవరంటరా? నేనే. హార్మోనియంతోని!

ఆగుండ్రి, చాయ పట్టుకొని సక్కగ కూసోండ్రి.

నాకీ పిచ్చి ఇయ్యాల్టిది కాదు. శంకర్‌పల్లిల బడికి పోయేటప్పుడు ప్రార్థన కాడ ఒక టీచరమ్మ హార్మోనియం వాయిస్తుండె. ఒక్కసారి ముట్టుకోవాలని చేతులు గుంజుతుండె. "దూరం, దూరం" అనేది. కనకమామిడికి కోడలుగ వచ్చినంక చూస్తే ఏమున్నది, మా మామ సాయిలు ఊరి భజన మండలిల హార్మోనియం వాయించే మనిషి! ఇంట్లనే పెట్టె! గని కొత్త కోడలు మామ పెట్టె ముట్టుకుంటదా? ఆయన వాయిస్తుంటే తలుపెనక నిలబడి వినుడే నా బతుకు.

అటెన్క మామకు పక్షవాతమొచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట తగ్గిపోయింది. అత్త అప్పటికే లేదు. పెట్టె అటకెక్కింది. మామ మంచంల పండుకొని అటక దిక్కే చూస్తుండె. అన్నం తినిపించుకుంట నేను కూడ గటే చూస్తుంటి. ఒకనాడు ధైర్యం చేసి అడిగిన, "మామా, నేను వాయించుకోవాల్నా?" అని. తల ఊపిండు. ఔననో కాదనో నాకు సమజ్ కాలె. ఔననే అనుకున్న.

ఆ దినం సంది నాకు రోజుకో అర్ధ గంట కావాలె. పెద్ద ఆశ కాదు గద? గదే దొరకదు. పొద్దుగాల క్యాబ్ మెయిన్ రోడ్డు మీదికొచ్చి హారన్ కొడుతది. అప్పటికి పిల్లల డబ్బాలు, మామ స్నానం, మా ఆయన చాయ అన్నీ కావాలె. గచ్చిబౌలికి పోయి లాగినై, మళ్ళ ఇల్లు చేరేసరికి కండ్లు మూతలు పడుతుంటయ్. అందుకని అందరికన్న ముందుగాల లేచి, ఎనక ఎరువు బస్తాల అర్రల తలుపేసుకొని వాయించేది. నడుమల పిల్లలొచ్చి "అమ్మా, నా సాక్సేది?" అంటరు. ఒకనాడు సరిగమలు కూడ పూర్తి కావు. అయినా విడవలె. మంచిగ వచ్చేదా అంటే, రాకపోయేది. ఆ ఎరువు వాసనల కూసొని తప్పుల మీద తప్పులు కొడుతుంటే గూడ నాకు కడుపు నిండినట్టుండేది.

మొత్తం వచ్చిన పాట ఒక్కటే. మామ వాయిస్తుంటే చెవులతోని పట్టుకున్న తత్వం. కొంప ముంచింది గదే.

మా దిక్కు మనిషి పోతే మండలోల్లొచ్చి శవం పక్కన కూసొని, హార్మోనియం పెట్టి, తాళాలేసుకుంట తత్వాలు పాడుతరు. నాకొచ్చిన పాట అచ్చం గప్పుడు పాడేదే. పెండ్లికి పాడరు, పండుగకు పాడరు. ఈ సంగతి నాకు తెల్వదా? తెల్సు. గని వచ్చిందే అదొక్కటాయె, ఏం చెయ్యాలె చెప్పుండ్రి!

ఇగ ఆ ఆదివారం. వానలకు గోడలు చెమ్మ పట్టినయని మా ఆయన సున్నమేస్తనన్నడు. మామ మంచం మీద నిలబడితే గాని ఆయనకు గోడ పై దాంక చెయ్యి అందదు. అందుకని మామను బయట అరుగు మీద చాపేసి పండవెట్టినం. ఈగలు ముసురుతయని తెల్ల దుప్పటి మొఖం మీది దాంక నేనే కప్పిన. మామ స్నానానికని వాకిట్ల మూడు రాళ్ళు పెట్టి కాగుల నీళ్ళు మసలబెట్టిన. ఎనక అర్ర చూస్తే ఇంటి సామానంత అండ్లనే కుక్కి ఉన్నది. మరి నా అర్ధ గంట? ఆదివారం కూడ పోగొట్టుకోవాల్నా? పెట్టె తెచ్చుకొని మామ పక్కనే అరుగు మీద కూసున్న. దండం పెట్టి ఊదుబత్తి ముట్టించిన. కండ్లు మూసుకొని తత్వం అందుకున్న.

తొవ్వంట పోయేటోనికి ఏమనిపిస్తది? మీరే చెప్పుండ్రి!

మొదలు చూసింది పాలాయన అట. బండి ఆపి, చెప్పులిడిసి, దండం పెట్టి పోయిండట. పోయేటోడు ఊకె పోయిండా? తొవ్వ పొడుగూత చెప్పుకుంట పోయిండు. అందరి చేతులల్ల సెల్‌ఫోన్లాయె, అర గడియల ముచ్చట ఎంకపల్లి దాంక పోయింది.

నాకేం తెల్సు, నేను కండ్లు మూసుకొని ఉన్న. జర సేపటికి పక్కన తాళం వినబడ్డది. కొద్దిగ కన్ను తెరిసి చూస్తే మండలి పెద్ద పెంటయ్య తాత! ఎనక ఇంకో ఇద్దరు ముసలోల్లు గొంతు కలుపుతున్నరు. అబ్బ, నా సంబురం చెప్పలేను! ఇన్నొద్దులు ఎరువు బస్తాలకు వినిపించిన నాకు తాళమేసేటోళ్ళొచ్చిన్రు! తప్పు పడితే ఎవ్వలు ఏమంటలేరు. ఎంత పెద్ద మనసో అనుకున్న. తాత కండ్లల్ల నీళ్ళు చూసి నాకు గుండె నిండిపోయింది. నా వాయింపుకు మనుషులు ఏడుస్తున్నరు! మెట్లు ఒత్తుకుంట ఇంకింత గట్టిగ తిత్తి కొట్టిన.

అప్పుడు ఆటో ఆగింది. ఎంకపల్లి నుంచి మామ చెల్లె, మా ఆయనకు మేనత్త. "అన్నా! నన్నిడిసి ఎట్ల పోతివే నా అన్నా!" అనుకుంట ఉరికొచ్చింది. నేనేమనుకోవాలె? పాపం, పాటల బాగ లీనమైంది అనుకున్న. కూసోమని సైగ కూడ చేసిన!

ఆ లొల్లికి మా ఆయన ఇంట్లకెల్లి బయటికొచ్చిండు. ఒంటి మీద అంగీ లేదు. నడుముకు తడి తువ్వాల, నెత్తికి తెల్ల రుమాలు, చేతిల కుండ. సున్నం కుండ! ఇగ చూస్కోండ్రి, "కొడుకు అగ్గి కుండ పట్టిండే!" అని వాకిట్ల జమైన ఆడోల్లంత ఒక్కసారే శోకం తీసిన్రు. ఆయన కుండ పట్టుకొని బిక్కమొఖమేసిండు.

"ఏమైందే?" అన్నడు నాతోని.

"పాట మంచిగ కుదిరింది" అన్న నేను.

గప్పుడు దుప్పటి కదిలింది. మామ ఎడమ చేత్తోని మొఖం మీది గుడ్డ గుంజేసి, నా దిక్కు తిరిగి, ఆ పడ్డ నోటితోనే అన్నడు, "ఆడ కాదు బిడ్డా... పై మెట్టు."

పెంటయ్య తాత చేతిల తాళం కింద పడ్డది. మేనత్త ఏడుపు సగంల ఆగింది.

"సాయిలూ, నువ్వు ఉన్నవా?" అన్నడు తాత.

"ఉన్న. నిద్ర చెడగొట్టిన్రు" అన్నడు మామ.

అటెన్క నా గతి ఏమైతదో తెల్సు గద. మేనత్త నన్ను ఉతికి ఆరేసింది. "బతికుండంగనే నా అన్నను సాగనంపుతవా? కంప్యూటర్ నౌకరి చేస్తవు, గింత తెల్వి లేదా?" అన్నది. మా ఆయన తల ఎత్తలేకపోయిండు. "ఇయ్యాల్టితోని బంద్! ఇది మళ్ళ అటక దిగదు" అని పెట్టె ఎత్తిండు. నాకు ఏడుపొచ్చింది. దినమంత అందరికి చేస్త, నాకోసం ఉన్నది గా అర్ధ గంటనే. అది కూడ పాయె. అందరి ముంగట ఏడిస్తే ఇజ్జత్ పోతదని కొంగు నోట్ల కుక్కుకున్న.

"కింద పెట్టు" అన్నడు మామ.

మా ఆయన నిలబడ్డడు. మామ గంత గట్టిగ మాట్లాడంగ ఎన్నడో విన్నం మేము. ఒక్కొక్క మాట కూడుకుంట అన్నడు, "పెంటన్నా, మండలి నా పక్కన కూసొని ఎన్నొద్దులాయె?"

తాత తల వంచుకున్నడు. "మండలి ఏడున్నది సాయిలూ? పోరగాళ్ళంత ప్లాట్ల దందాకు పాయె. పెట్టె వాయించెటోడే లేడు. అయినా నిన్ను గిట్ల చూడ పానం ఒప్పదు" అన్నడు.

"నాకు గదే ఫికరుండె. నేను పోయిన్నాడు ఎవ్వలు వాయిస్తరని. ఇగ లేదు. కోడలు వాయిస్తది." నా దిక్కు చూసిండు. "గని గిట్ల వాయిస్తె పాడె మీదికెల్లి లేచి కూసుంట. సక్కగ నేర్చుకో బిడ్డా. నేర్చుకునేదాంక నేనెటు పోను."

మా ఆయన పెట్టె మెల్లగ నా ముంగట పెట్టిండు. తెచ్చిన దండలు ఏం చెయ్యాల్నో తోచక పెంటయ్య తాత ఒకటి పెట్టెకేసిండు. అందరికి చాయ పోసుడు కూడ నా మీదనే పడ్డది.

అప్పటి సంది అరుగు మీదనే కూసుంటం. నేను మెట్లు ఒత్తుత, మామ ఎడమ చేత్తోని తిత్తి కొడుతడు. కుడి చెయ్యి ఒళ్ళె పడి ఉంటది. దాన్ని చూస్తే నాకు ఒక్కటే కోరిక. ఆ వేళ్ళు ఒక్కసారి లేసి వాయిస్తే, నేను తలుపెనక కాదు, ఎదురుంగ కూసొని వినాలని. కాదని డాక్టర్ చెప్పిండు. అయినా కోరిక పోతదా?

నిన్న పొద్దుగాల ఏమైందంటే, ఆ తత్వం ఆఖరి చరణం దాంక ఒక్క తప్పు లేకుండ వచ్చింది. నాకే నమ్మబుద్ధి కాలె! మురిసిపోయి మామ దిక్కు చూసిన. కండ్లు మూసుకున్నడు. మొఖం నిమ్మళంగ ఉన్నది. తిత్తి మీద చెయ్యి మెల్లగైతున్నది, ఇంకా మెల్లగైతున్నది. 'నేర్చుకునేదాంక నేనెటు పోను' అన్న మాట యాదికొచ్చింది. వేలు జరిపి పక్క మెట్టు గట్టిగ ఒత్తిన.

"థూ! మళ్ళ చెడగొట్టినవ్!" అని మామ దిగ్గున కండ్లు తెరిసిండు.

"రేపు సక్కగ వాయిస్త మామా" అన్న.

ఇన్నొద్దులు తప్పులు వాటంతట అవే వచ్చేటివి. ఒక్క తప్పు కోసం నేను గింత కష్టపడ్డది నిన్ననే!