ఫ్లెక్సీలో లేని పండుగొప్ప తలకాయ

మౌసుతో ఒక్క గీత గీసి, మా అత్తగారి మెస్సును మొదటిరోజే ముంచబోయిన మహానుభావుణ్ణి నేను. నవ్వుతారనే చెబుతున్నాను, మొహమాటపడకండి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. మాది సంగం, అత్తగారిది ఇందుకూరుపేట. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు వండిపెట్టిన శేషమ్మత్త, చివరికి మైపాడు బీచికి పోయే రోడ్డు మీద సొంతంగా మెస్సు పెట్టింది. మొదటిరోజు పులుసు గంగాళం ఖాళీ కాకపోతే ఊళ్లో తలెత్తుకోలేనని ఆమె దిగులు. కంప్యూటరు తెలిసిన అల్లుణ్ణి కదా, ఫ్లెక్సీ పని నేనే నెత్తినేసుకున్నాను.

ఫోటో కూడా నేనే తీశాను. మామిడికాయ ముక్కలతో ఎర్రటి చేపల పులుసు, ఎడమపక్క పండుగొప్ప చేప తలకాయ. లాప్‌టాప్‌లో పెద్దది చేస్తే దాని కన్ను లెక్కల మాస్టారిలా నన్నే చూస్తోంది.

"టౌను జనం దీన్ని చూసి జడుసుకుంటారు" అన్నాను.

"తలకాయ తియ్యబాకండి. మాకాడ దానికోసమే వస్తారు" అంది నా భార్య సుజాత.

"డిజైను గురించి నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాట ఇవాళ అంటే నాకు అన్నం పుట్టదు. క్రాప్ టూలు పట్టుకుని తలకాయ వరకూ తెగ్గోసి, మిగిలింది ఫ్లెక్సీ కొట్టించాను.

మెస్సు తెరిచిన రోజు, మా పెళ్లికొచ్చిన ఓ పెద్దాయన నలుగురితో ఆటో దిగి, ఫ్లెక్సీ ముందు ఆగిపోయాడు.

"ఏమ్మా, తలకాయ లేదా?"

"ఉండాదన్నా, వచ్చి కూర్చో" అంది అత్త.

"మరి బొమ్మలో లేదే? ఎవరికి పోతుండాయబ్బా తలకాయలన్నీ?" అంటూ లోపలికి తొంగిచూశాడు.

మూలబల్ల దగ్గర నేను. నా కంచంలో, అబద్ధమెందుకు, పండుగొప్ప తలకాయ. కొత్త అల్లుడికి తలకాయ వడ్డించడం మావైపు మర్యాద. సరిగ్గా అప్పుడే ఆ మర్యాదను చీకుతున్నాను.

"అదీ కథ! తలకాయలు అల్లుడికి, తోకలు మనకి! పదండ్రా" అన్నాడాయన. అందరూ ఎదురు మెస్సుకు పోయారు. అక్కడి ఫ్లెక్సీ మీద చేటంత తలకాయ నోరు తెరుచుకుని ఉంది. వచ్చేవాళ్లంతా అటే తిరుగుతుంటే అత్త ముఖం వాడిపోయింది. నేను కంచం పక్కకు నెట్టి లేచాను.

"అత్తా, సాయంత్రానికి వేరే ఫ్లెక్సీ కొట్టిస్తా."

"సాయంత్రందాకా ఈ పులుసంతా ఎవరు తింటారు నాయనా, నువ్వా?"

అత్త పెద్ద పళ్లెంలో పొగలు కక్కే తలకాయలు పెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. నేను ఎక్కడ కోశానో సరిగ్గా అక్కడ, ఫ్లెక్సీకి ఎడమపక్క నిలబడి పళ్లెం పైకెత్తింది.

"తలకాయలు ఇయిగో! అల్లుడు తినంగా మిగిలినయ్యి కాదు, ఆయన కంటబడకముందే తీసి పెట్టినయ్యి!"

ఎదురు మెస్సులో అందరూ గొల్లుమన్నారు. ముందుగా లేచి వచ్చింది ఆ పెద్దాయనే. మధ్యాహ్నం తిరిగేసరికి గంగాళం అడుగు గోకాల్సి వచ్చింది. అత్త కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తర్వాత ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్నాం. నా కంచంలో అన్నం, పులుసు, ఒక తోకముక్క.

"అత్తా, తలకాయ?"

"పనికిరాదని నువ్వే కోసేసినావు గదా నాయనా" అంది, శాంతంగా.

ఆ తోకముక్క మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరి ఫోటోలోనూ వెంట్రుకంత కూడా కొయ్యను. ఇన్నేళ్లుగా ఆ మాట తప్పలేదు. అత్త కూడా తప్పలేదు. నిన్న కూడా తోకే.