మామిడికాయ మీదికి నెట్టిన నేరం

చాలా ఏళ్లుగా ఒక సంగతి నా లోపలే కుళ్లుతోంది. భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పానేమో, అదీ సగమే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక పిల్ల కాలు నా చేతుల్లో చచ్చుబడింది. ఆ తప్పును ఇప్పటికీ ఆ పిల్ల తల్లి మోస్తోంది.

పర్ణశాల దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక కోయ ఊళ్లో నేను వైద్యం చేసేవాడిని. డాక్టరును కాను. ఖమ్మంలో కాంపౌండరుగా ఉన్నప్పుడు చూసి నేర్చుకున్న విద్య నాది. జ్వరానికి మాత్ర చాలని తెలిసినా సూది వేసేవాడిని. సూది వేయనివాడిని అక్కడ డాక్టరనరు. నన్ను మాత్రం 'డాక్టరు సారూ' అని పిలిచేవారు. ఆ పిలుపంటే నాకు చెడ్డ ఇష్టం.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ఉంగమ్మ తన కూతురు శిరీషను ఎత్తుకొచ్చింది. ఇంకా బడి ఈడు రాని పిల్ల, ఒళ్లు కాలిపోతోంది. పిల్ల గింజుకుంటోంది, బయట జనం ఎదురుచూస్తున్నారు, నాకు విసుగ్గా ఉంది. పిరుదుకు పైన, పక్కగా దిగాల్సిన సూది కిందగా, మధ్యలోకి దిగింది. కాలు ఒక్కసారిగా ఎగిరిపడింది. పిల్ల పెట్టిన కేక మామూలు ఏడుపు కాదు. నరానికి తగిలిందని నాకు అప్పుడే తెలిసింది. తెలియలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ తెలిసింది.

మర్నాటికి పాదం వేలాడిపోయింది. నిలబెట్టి నడిపిస్తే వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి.

ఆ ఊళ్లో మామిడి పండుగ చేసి, కొత్త కాయ అమ్మవారికి పెట్టాకే మనుషులు తినాలి. జ్వరంతో నోరు చేదెక్కి పిల్ల ఏమీ తినకపోతే, పండుగ కాకముందే ఉంగమ్మ ఒక మామిడి ముక్కకు ఉప్పద్ది నాకించింది. అందుకే ఇలా అయిందేమోనని నా దగ్గరే చెప్పుకుని ఏడ్చింది. నేను విని ఊరుకున్నాను.

భద్రాచలం పెద్ద దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. ఆమె భర్త భీమయ్య తునికాకు కల్లం వదిలి రాలేక నన్ను తోడు పొమ్మన్నాడు. "నువ్వు ఎంబడుంటే మాకు ధైర్నం సారూ. దానికి తెలుగు రాకపాయె" అన్నాడు. ఉంగమ్మకు సంతలో బేరమాడేంత తెలుగే వచ్చు. నాకు కోయ భాష బాగా వచ్చు.

అక్కడి డాక్టరు కుర్రవాడు. పాదాన్ని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశాడు. నన్ను ఊరి పెద్ద అనుకున్నాడు.

"ఇంజెక్షన్ నరానికి తగిలినట్టుంది. ఎవరైనా వేశారేమో ఆమెను అడగండి. అదే అయితే వెంటనే వరంగల్ పంపాలి. వేసినవాడి మీద కేసు పెట్టొచ్చు, పిల్లకు పరిహారం కూడా వస్తుంది" అన్నాడు.

నేను ఉంగమ్మ వైపు తిరిగాను. పండుగ కాకముందే పిల్లకు కాయ పెట్టావా అని డాక్టరు అడుగుతున్నాడని ఆమె భాషలో అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. డాక్టరు వంక భయంగా చూసింది. తల దించుకుని, పెట్టానంది.

"ఎవ్వలూ ఏయలేదంటుంది సార్. జొరంలనే కాలు పడిపోయిందట" అన్నాను నేను.

ఆయన మందులు రాసిచ్చి, కాలికి కసరత్తు చేయించమని చెప్పి పంపేశాడు. దారంతా ఆమె పిల్ల పాదాన్ని ఒడిలో పెట్టుకుని నిమురుతూనే ఉంది.

ఎందుకు చేశాను? జైలు భయమా? ఉంది. సూది పట్టే హక్కు చట్టప్రకారం నాకు లేదు. కానీ డాక్టరుతో అబద్ధమాడితే సరిపోయేది కదా, ఆమెను ఆ ప్రశ్న ఎందుకు అడిగాను? పెద్ద డాక్టరే కాయ సంగతి అడిగాడంటే తప్పు తనదేనని నమ్మి, ఆమె ఇంకెప్పుడూ, ఎవరి ముందూ, సూది మాట తలవకూడదని. రెప్పపాటులో అంత ఉపాయం ఎలా తట్టింది నాకు? మంచి పనికి ఏనాడూ అంత చురుగ్గా కదలని బుర్ర ఇది.

ఊరు ఆమెను ఏమీ అనలేదు. అమ్మవారికి మేకను కోసి తప్పు చెల్లించి, అంతటితో వదిలేశారు. వదలనిది ఉంగమ్మే. అప్పటి నుంచి మామిడికాయ ముట్టదు. పండుగనాడు అందరికన్నా వెనక నిలబడుతుంది.

శిరీష ఇప్పుడు పెద్దదైంది. పాదాన్ని విసిరి వేస్తూ నడుస్తుంది. నేను సూదులు మానేసి మందుల దుకాణం పెట్టుకున్నాను, దాంతో పాపం పోతుందన్నట్టు. ఆమధ్య మండలంలో న్యాయ సదస్సు పెడితే, ఇలాంటి పాత కేసు ఇప్పుడు నిలుస్తుందా అని ఎవరి సంగతో అడిగినట్టు ఒక వకీలును అడిగాను. కష్టమన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాను. నా మీద నాకు అసహ్యం పుట్టింది ఆ తిండి దగ్గరే.

ఈ ఏడు పండుగ అయ్యాక ఉంగమ్మ మా ఇంటికి మామిడికాయలు తెచ్చింది. ఏటా తెస్తుంది, ఆనాడు పిల్లను భద్రాచలం దాకా తీసుకెళ్లానని.

"తిను సారూ, ఇగ తినొచ్చు" అంది.

ఆ కాయలు ఇంకా బుట్టలోనే ఉన్నాయి. ఆమెకు చెబుతానని మీకు మాటివ్వను. మాట మీద నిలబడే మనిషినైతే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఉంగమ్మా, ఆనాడు డాక్టరు అడిగింది కాయ గురించి కాదు, సూది గురించి. ఆ సూది వేసింది నేను.

క్షమించమని అడగడం లేదు. ఈ రెండు మాటలూ ఆమె భాషలో ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు.