కార్లైల్‌లో సవతి

అంబులెన్సు బయల్దేరిందని ఫోనులో చెప్పాక బాలశౌరి బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఒక బూటుకి లేసు కట్టేసరికి ఆయాసం వచ్చి రెండోది అలాగే వదిలేశాడు. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, ఎడమచేత్తో గోడ పట్టుకుని, కుడి చూపుడువేలితో ఆ రోజు ఫోటో పెట్టాడు. ఎక్కడో వేల్స్ కొండల్లో ఒక బుల్లి స్టేషను. ప్లాట్‌ఫారం మీద వరసగా పాల క్యాన్లు, పొగలో సగం మునిగిన ఇంజను. ఫోటో వెనక పెన్సిల్‌తో 1962 అని రాసుంది, ఊరి పేరు లేదు. "ఇది ఏ ఊరో దయచేసి చెప్పండి" అని రోజూ రాసే మాటే ఇంగ్లీషులో రాశాడు. ఆపైన ట్యాబ్ భార్య చేతికిచ్చి, "చార్జింగ్ పెట్టు లీలా, ఐపోతా ఉండాది" అన్నాడు.

ఐర్లండులో ట్రాలీ అనే ఊళ్ళో, ఆ అద్దె ఇంట్లో అతను చేసిన ఆఖరి పని అది.

లీలారాణి మాస్కు పెట్టుకుని, మందుల సంచి పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె నర్సు. అతని పెదాల రంగు చూస్తేనే సంగతి అర్థమైంది. భయపడాల్సిన సమయం. కానీ ముందు లేచింది భయం కాదు, కుళ్ళు. ఉన్న కాస్త ఊపిరీ ట్యాబ్‌లో పరిచయమైన ఆ కార్లైల్ ఆవిడకి గుడ్ మార్నింగ్ చెప్పడానికే సరిపోయింది, పాతికేళ్ళు కాపురం చేసిన మనిషికి మాత్రం చార్జింగ్ పెట్టే పని మిగిలింది అనుకుంది. అంబులెన్సు మనిషి లోపలికొచ్చి ఎలా ఉందని అడిగితే బాలశౌరి బొటనవేలు పైకెత్తి "గ్రాండ్" అన్నాడు.

బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాట అది, ఈ దేశంలో అతను బాగా వాడుకున్నది అదొక్కటే. కూర ఎట్టుందంటే గ్రాండ్. ఒంట్లో ఎట్టుందంటే గ్రాండ్. మా చెల్లెలు రావట్లేదంట అని లీలారాణి కళ్ళు తుడుచుకుంటూ చెప్పినా, ఒక్క క్షణం ఆలోచించి, గ్రాండ్.

పెళ్ళినాటికి కూడా అంతే. బిట్రగుంట రైల్వే క్వార్టర్లలో పుట్టాడు. వాళ్ళ నాన్న ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. డ్యూటీ దిగి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప మనిషి కనబడేవాడు కాదని, గ్లాస్గోలో తయారైన ఇంజనని దాని పలక మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నానని, పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాడు. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు పోయింది, కాలనీ పాడుబడింది. అతను కావలి వచ్చి ఫోటో స్టూడియోలో టచింగ్ పని నేర్చుకున్నాడు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు రాగానే ఆ పనీ పోయింది. లీలారాణి పరీక్షలు రాసి ఐర్లండ్ వస్తే కూతురు రోజీని వెంటబెట్టుకుని వెనకే వచ్చి, ఒక హోటల్ వంటశాలలో గిన్నెలు కడిగే పనిలో చేరాడు. పోయినవాటి గురించి ఎప్పుడూ నోరెత్తలేదు. మొగుడు మాటకారి కాదు, అది అతని తత్వం అని లీలారాణి సర్దుకుంది. తన దగ్గర లేని మాటల సొమ్ము ఇంకెవరికీ ఇవ్వడు కదా అన్న ధీమా కూడా ఉండేది.

ఆ ధీమా కోవిడ్ ఏడాది పోయింది.

అంతకుముందు చలికాలంలో పాత సామాన్ల కొట్లో అతను ఒక బిస్కెట్ల డబ్బా కొన్నాడు. దాన్నిండా రైళ్ళ ఫోటోలు. ఇంగ్లండులో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చిన ఎవరో ఈ కెర్రీ జిల్లా మనిషి తీసుకున్నవట, ఆయన పోయాక ఇంటివాళ్ళు ఇచ్చేశారట. లాక్‌డౌన్‌లో హోటల్ మూశారు. బాలశౌరి ఆ డబ్బా తీసి, ఒక్కో ఫోటో స్కాన్ చేసి, మరకలూ గీతలూ పాత పద్ధతిలోనే ఓపిగ్గా చెరిపి, పాత బ్రిటిష్ రైళ్ళ ఫోటోలు పంచుకునే ఒక గుంపులో పెట్టడం మొదలెట్టాడు. వంటింటి అలమరలో పచ్చడి సీసాల వెనక పడున్న పాత ట్యాబ్ అందుకు పనికొచ్చింది.

అక్కడివాళ్ళకి అదొక ఆట. తాతల నాటి ఫోటోలు తీసుకొచ్చి పెడతారు. పేరు లేని స్టేషనైతే ఇక పండగే. చూరు అంచున చెక్క నగిషీ చూసి ఒకరు, కంచె వాలు చూసి ఒకరు, వెనక కొండ చూసి ఒకరు ఊరు పట్టేస్తారు. బాలశౌరి ఫోటోల్లో ఎక్కువ పట్టింది డోరీన్. ఇంగ్లండులో కార్లైల్ అనే ఊళ్ళో ఉంటుంది. వాళ్ళ నాన్న సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసేవాడట. చిన్నప్పుడు ఆ క్యాబిన్‌లో కూర్చునే బడి లెక్కలు చేసుకునేదట. ఇవన్నీ బాలశౌరే చెప్పాడు. అడక్కుండా చెప్పాడు. అక్కడే లీలారాణికి మొదటి ముల్లు గుచ్చుకుంది.

అప్పుడు ఆమె కోవిడ్ వార్డులో ఉంది. ఇంటికి అంటించకూడదని మేడమీద వేరే గదిలో పడుకునేది. డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, వంటింటి వెనక బట్టలుతికే గదిలో చిన్న బల్ల వేసుకుని, తన కంచంలో తను తినేది. మధ్య తలుపు తీసి ఉంచేవాళ్ళు. వంటింట్లో ఆ చివర బాలశౌరి. అతను వండినదే తింటూ ఆమె ఆ రోజు జరిగినదంతా చెప్పేది. చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు. అతను తలవంచుకుని ఒక్క వేలితో ట్యాబ్ మీద టకటకా కొట్టుకుంటూ ఉండేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "ఏమండీ, వింటా ఉండారా?"

"వింటా ఉండా, చెప్పు."

"ఎట్టా ఉండాది నేను చెప్పింది?"

తలెత్తకుండానే, "గ్రాండ్" అన్నాడు.

ఆ రోజు ఆమె చెప్పింది కిటికీ పక్క మంచం ఖాళీ అయిన సంగతి. అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

ఆమెకి కోపం ఫోటోల మీద కాదు. ఇనప ముక్కల్ని చూసి ఎవరు ఏడుస్తారు? ఆ రాయడం. తనకి ముక్తసరిగా ఒక ముక్క పారేసే మనిషి, అక్కడ పేరాలు పేరాలు రాస్తున్నాడు. మధ్యలో ఆగి ఆలోచిస్తున్నాడు, చెరిపి మళ్ళీ రాస్తున్నాడు. ఒక్కోసారి తనలో తను నవ్వుతున్నాడు. ఒకసారి గిన్నె కోసం వెళ్ళినట్టు వెనకనుంచి తొంగిచూస్తే, డోరీన్ రాసినదాని చివర 'లవ్' అని కనబడింది. వార్డులో ముసలమ్మలు రోజుకి వందసార్లు తనని పిలిచే పిలుపే అది. మందు ఇచ్చినా లవ్వే, మంచం వాల్చినా లవ్వే. అయినా మొగుడి ట్యాబ్‌లో చూసేసరికి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఆవిడ బొమ్మ ఎలా ఉంటుందో చూద్దామంటే మొహం ఉండాల్సిన చోట పచ్చ రంగు ఇంజను ఉంది. మొహం చూపించని ఆడదాన్ని అసలు నమ్మకూడదనుకుంది.

లిమరిక్‌లో చదువుకుంటున్న రోజీకి ఫోన్ చేసి, ఆ డోరీన్ అనే ఆవిడ ఎవరో చూసి చెప్పమంది. రోజీ చూసి పకపకా నవ్వింది.

"షి ఈజ్ ఎయిటీ వన్, మామ్. షి నిట్స్ సాక్స్. ఇట్స్ ఓన్లీ ట్రెయిన్స్, లైక్."

"ఎనభై దాటితే మాటలు రావా ఏంది?" అంది లీలారాణి.

మట్టిబొమ్మయినా సవతి సవతేనని వాళ్ళ అమ్మమ్మ అనేది. ఎనభై ఒకటి అని తెలిశాక మంట తగ్గకపోగా పెరిగింది. వయసులో ఉన్నదయితే ఏదో మగబుద్ధి అని తిట్టుకోవచ్చు. ఇక్కడ అతను ఇస్తున్నది మాట. తను ఇన్నేళ్ళూ లేదనుకున్న సొమ్ము. ఉండి కూడా తనకి పెట్టకుండా దాచి, సముద్రం అవతలి ముసలిదానికి దోసిళ్ళతో పోస్తున్నాడు.

ఒకసారి అతనే ఏదో చెప్పబోయాడు. "లీలా, ఆ డోరీన్ లేదూ, ఆమె ఏమనుకుంటా ఉండాదంటే..."

"ఆమె ఏమనుకుంటే నాకేంది. అన్నం కాడ ఆ పేరెత్తబాకండి."

బాలశౌరి నవ్వాడు. "సరేలే, కోపం తగ్గినాక చెప్తా" అని మళ్ళీ తల దించుకున్నాడు.

ఇంకోరోజు చార్జర్ పీకి తన డ్యూటీ సంచిలో వేసుకుని ఆస్పత్రికి పట్టుకుపోయింది. సాయంత్రం వచ్చేసరికి ట్యాబ్ చల్లబడి ఉంది. బాలశౌరి అడగలేదు, వెతకలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆమెకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె కోరుకున్నది అదే. కానీ అతను అలా మొహంలోకి చూస్తుంటే ఆమె కంచం కేసి తల వంచుకుంది. ఇవాళ పెద్దగా ఏం లేదులే అంది. ఇద్దరూ చెంచాల చప్పుడు వింటూ తిన్నారు. మర్నాడు పొద్దున్నే, అతను లేవకముందే, చార్జర్ తెచ్చి గోడకి తగిలించింది. ఆ తగిలించినందుకు డోరీన్ మీద మరింత కోపమొచ్చింది.

క్రిస్మస్ తర్వాత ఊరంతా దగ్గు మొదలైంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కనుక్కునే తీరిక ఎవరికీ లేదు. జనవరిలో బాలశౌరి అంబులెన్సులో వెళ్ళాడు. నర్సు కాబట్టి అద్దం ఇవతల నుంచి చూడనిచ్చారు. ఊపిరికి గొట్టం వేశారు, ఇక మాట లేదు. ఆమెతో పనిచేసేవాళ్ళే కళ్ళు తిప్పుకుని ఆమె భుజం తట్టారు. సమాధి దగ్గర పదిమందికి మించకూడదన్నారు. పదిమంది కూడా కాలేదు. సముద్రం మీంచి వచ్చే గాలికి పాస్టరుగారి ప్రార్థన ముక్కలు ముక్కలుగా వినబడింది.

ట్యాబ్ మాత్రం మోగుతూనే ఉంది. వంటింటి గూట్లోంచి పొద్దున ఒకసారి టింగుమంటుంది, సాయంత్రం రెండుసార్లు. రోజీ ఆపేస్తానంటే లీలారాణి వద్దంది. ఎందుకు వద్దందో తనకే తెలియదు. మోగిన ప్రతిసారీ, పోయినా వదలవా అని లోపల పళ్ళు నూరేది.

ఒక మధ్యాహ్నం రోజీ నడవడానికి వెళ్ళింది. లీలారాణి ట్యాబ్ తీసి బల్ల మీద నిలబెట్టుకుంది. రాసినవి చదవాలనిపించలేదు. అతను ఆవిడకి ఏమేమి చెప్పాడో కళ్ళతో చూస్తే తట్టుకోలేననుకుంది. కానీ ఈ కబురు మాత్రం తన నోటితోనే ఆవిడకి తెలియాలి. అతని మాటలన్నీ నువ్వు తీసుకున్నావు, చావు కబురు చెప్పే హక్కు మాత్రం నాది అనుకుంది. ఇంగ్లీషులో ఒక వాక్యం సిద్ధం చేసుకుని, జుట్టు సవరించుకుని, డోరీన్ పేరు పక్కనున్న వీడియో కాల్ గుర్తు నొక్కింది.

చాలాసేపు మోగింది. ఆఖరికి ఎవరిదో నుదురు, తర్వాత లావుపాటి కళ్ళజోడు, తర్వాత చిన్న మొహం కనబడ్డాయి. భుజాల మీద ఊలు శాలువా. లీలారాణి సిద్ధం చేసుకున్న వాక్యం గబగబా అనేసింది.

"నేను బాలశౌరి భార్యని."

"నాకు తెలీదామ్మా అది?" అంది ముసలామె, మొహమంతా విప్పారి. "ఎన్నాళ్ళకి కనబడ్డావు లీలా! ఎంత కంగారుపడ్డానో. మీ ఆయనకి దగ్గన్నావు, తగ్గిందా?"

లీలారాణి చూపు తెర పైభాగానికి పోయింది. చిన్న గుండ్రంలో మందారపువ్వు, పక్కన ఇంగ్లీషులో లీలారాణి అని తన పేరు. కొన్నేళ్ళ క్రితం చర్చి వాళ్ళ ఫోటోలు చూసుకోమని రోజీ తన పేరు మీద తెరిచిపెట్టిన ఖాతా. తను ఒక్కనాడూ ముట్టుకోలేదు. బాలశౌరి ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకున్నాడు. మార్చడం రాకనో, అక్కర్లేదనో. ఇంట్లో ఉన్నది ఎవరి పేరు మీద ఉంటేనేం అనుకునే మనిషి.

తగ్గలేదని, పోయాడని చెప్పింది. డోరీన్ కళ్ళజోడు తీసేసింది. అవతల గోడ గడియారం వినబడుతోంది.

తర్వాత డోరీన్ మెల్లగా మాట్లాడింది. ఇల్లు కదల్లేని ఈ ఏడాదంతా, సాయంత్రం లీలా ఏం రాస్తుందా అని చూసేదట. ఫోటోలు పొద్దున్నకి, వార్డు కబుర్లు సాయంత్రానికి. కిటికీ పక్క మంచం ఖాళీ అయిందని రాసిన రోజు తను కూడా భోజనం చెయ్యలేదట. తడబడే ఇంగ్లీషే అయినా ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉండేదట. మీ ఆయన గురించి మాత్రం, ఆ పేరూ ఆఖరి దగ్గు మాటా తప్ప, ఎప్పుడూ ఏమీ రాయలేదు, ఎంతడిగినా గ్రాండ్ అనేదానివి అంది.

లీలారాణి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని వింటోంది. ఆ రాసింది నేను కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పలేదు.

"ఒక్కటి మాత్రం బాకీ ఉన్నావు" అంది డోరీన్, కన్నీళ్ళు తుడుచుకుంటూ, కొంచెం నవ్వబోయి. "కూతురితో వీడియోలో మాట్లాడాలి, తల దువ్వమని ఒక పెద్దావిడ అడిగితే, గ్లోవ్సుతోనే జడ వేశానని రాశావు గుర్తుందా? రిబ్బను ఏ రంగుదని అడిగాను. రేపు కనుక్కుని చెప్తానన్నావు. కట్టింది నువ్వే కదా, ఇంకెవర్ని కనుక్కుంటావని ఎంత నవ్వుకున్నానో."

నవంబరులో ఒక సాయంత్రం అది. జడ సంగతి చెప్పి ముద్ద కలుపుకుంటుంటే, ఆ చివర నుంచి బాలశౌరి తల వంచుకునే, "రిబ్బను ఏ రంగుదీ?" అని అడిగాడు. మొహం చూడని మనిషికి రిబ్బను రంగెందుకని, "ఎవరికి కావాలది?" అని కంచం సింకులో పడేసి మేడ మీదికి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ అడగలేదు.

"రిబ్బను దొరకలేదు" అంది లీలారాణి, తెరకేసి చూస్తూ. "కట్టుకట్టే గుడ్డ చింపి ముడేశాను. తెల్లది."