నాన్న సెలవు, నేను రాసిన ఉత్తరం

మా చిన్నప్పుడు ఇంట్లో ఉత్తరాలు రాసే ఉద్యోగం నాది... నాలుగో తరగతి చదువు, గుండ్రటి అక్షరాలు, అంతకన్నా ఏం కావాలి.

నాన్న మిలిటరీలో ఉండేవారు. సరిహద్దుకి పోస్టింగ్ పడితే అమ్మనీ నన్నూ పెంటపాడులో అమ్మమ్మగారింట్లో దించి వెళ్ళారు. ఆ తర్వాత తెలిసింది, అమ్మ నీళ్ళోసుకుందని.

అమ్మమ్మకి దిష్టి భయం జాస్తి. అమ్మకి ఎన్నో నెలని ఎవరడిగినా ఒక నెల అటో ఇటో మార్చి చెప్పేది. ఓ రోజు వసారాలో చింతపండు ఈనెలు తీస్తూ నాన్నకి ఇన్‌ల్యాండ్ లెటర్ రాయిస్తోంది. పక్కింటావిడ కూడా అక్కడే ఉంది.

"ఎన్నో నెలని రాయను అమ్మమ్మా?"

"తొమ్మిదో నెల వచ్చిందని రాయవే."

నిజానికి ఎనిమిదే. పక్కింటావిడ వింటోందని అలా చెప్పింది, తర్వాత దిద్దించడం మర్చిపోయింది. నేను పోస్టులో వేసేశాను...

అప్పట్లో కాన్పుకని మిలిటరీ వాళ్ళకి విడిగా సెలవు లేదు. ఉన్న సెలవులోంచే నెల రోజులు బతిమాలి తెచ్చుకుని నాన్న గూడెం స్టేషన్లో దిగారు. డాక్టరమ్మ చూసి, ఇంకా నెల పైనే పడుతుందంది. నాన్న అటక మీంచి ఉయ్యాల దించబోతే, "అప్పుడే వద్దు బాబూ" అంది అమ్మమ్మ. మళ్ళీ పైకెక్కించేశారు.

రోజూ పొద్దున్నే లేచి అమ్మ ముఖంలోకి చూసేవారు... సెలవు అయిపోయింది. రిక్షా ఎక్కుతూ, "పర్వాలేదండి, మీరున్నారు కదా" అన్నారు అమ్మమ్మతో. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి తమ్ముడు పుట్టాడు. నాన్న వాణ్ణి మొదటిసారి చూసేసరికి వాడు నడుస్తున్నాడు. ఎత్తుకోబోతే ఏడ్చి నా వెనక దాక్కున్నాడు. నన్నెవరూ తిట్టలేదు గానీ, రాసిన చెయ్యి నాదే కదా... చాలా ఏళ్ళు బాధపడ్డాను.

ఇప్పుడు తమ్ముడూ మిలిటరీలోనే. మొన్న కూతురు పుడితే పదిహేను రోజులు పెటర్నిటీ లీవు మీద వచ్చాడు. చాలదని సణుగుడు కూడానూ. తణుకు ఆసుపత్రిలో నర్సు బిడ్డని తెచ్చి ముందు వాడి చేతుల్లోనే పెట్టింది. నాన్న గోడకి ఆనుకుని చూస్తున్నారు.

"నేనూ ఇంతే ఉండేవాణ్ణా నాన్నా?" అన్నాడు తమ్ముడు.

"నాకేం తెలుసురా... మీ అక్కనడుగు."

కాలం మారింది, మంచిదే... మారకముందు నాన్న పోగొట్టుకున్నది మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు. మిమ్మల్ని మీ నాన్నగారు మొదట ఎప్పుడు చూశారో ఎప్పుడైనా అడిగారా అండీ?