తొట్టినీళ్ళలో టైంటేబుల్

రామలక్ష్మమ్మకు గడియారం చూడటం రాదు. అయినా రాయకోటకు మైలున్నర ఇవతల, రైలు పట్టాల పక్కనున్న ఆ చిన్న పల్లెలో ఏడిళ్ళవాళ్ళు హోసూరు ఫ్యాక్టరీలకు బయలుదేరేది ఆమె కేకతోనే.

తెల్లవారుతుండగా ధర్మపురి వైపునుంచి బెంగళూరు ఎక్స్‌ప్రెస్ ఆమె చామంతి తోట వెనకగా పోతుంది. అది రాయకోటలో ఆగదు. దాని వెనక అరగంటకు అన్నిచోట్లా ఆగే ప్యాసింజర్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ దాటగానే ఆమె గట్టెక్కి "పోయినాదప్పోయ్!" అని కేక వేస్తుంది. తలుపులకు తాళాలు పడతాయి. నడిచి స్టేషన్ చేరేసరికి ప్యాసింజర్ సరిగ్గా వస్తుంది.

ఈ దారిలో ఒకప్పుడు ఎద్దుబండి కంటే కాస్త పెద్దదైన బుల్లి రైలు నడిచేదనీ, యుద్ధం రోజుల్లో దాని పట్టాలు పీకేశారనీ అత్త చెప్పేది. రామలక్ష్మమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో మళ్ళీ పట్టాలు పడ్డాయి. తొలిసారి బొగ్గుబండి కొండ మలుపు తిరిగి వస్తుంటే, చేతిలో కొడవలితో అలాగే నిలబడిపోయింది. అంత ఇనుము అంత బరువుతో, చెప్పిన వేళకు, ఎవరో పిలిచినట్టు రావడం! ఆ ఆశ్చర్యం ఆమెకు ఈనాటికీ తీరలేదు. పట్టాలు వెడల్పయ్యాయి, డీజిల్ బండ్లు వచ్చాయి. తర్వాత పైన తీగలు లాగారు. కరెంటు బండి గాలిలా వచ్చి గాలిలా పోతుంటే, అసలే మందగించిన ఆమె చెవికి ఏమీ అందలేదు.

అప్పుడే తొట్టి ఆమెకు సాయం వచ్చింది. బోరునీళ్ళు అంచుదాకా నిండిన సిమెంటు తొట్టి. ఒకరోజు ముఖం కడుక్కోబోతే నీటిలోని ఆకాశం సన్నగా వణికింది. కాసేపటికి రైలు దాటింది. ఆనాటినుంచి ఆమె నీళ్ళలోనే రైళ్ళను చూస్తోంది. గూడ్సుకు నీళ్ళు బరువుగా ఊగుతాయి. ఎక్స్‌ప్రెస్‌కు వణుకు చాలాసేపు సాగుతుంది. ప్యాసింజర్‌కు పిట్ట రెక్క తగిలినట్టు చిన్నగా, గబగబా అదిరి ఆగిపోతాయి.

ఆ ఆదివారం మనవరాలు పవిత్రకు హోసూరులో ఉద్యోగం పరీక్ష. ఫ్యాక్టరీలకు సెలవు కాబట్టి స్టేషన్‌కు పోయేది ఆ పిల్ల ఒక్కతే. ఏడున్నరకే పరీక్ష సెంటర్ గేటు మూసేస్తారు.

"ఒకసారి ఫోన్‌లో టైము చూస్తానవ్వా" అని ముందురోజే అంది పవిత్ర.

"ఫోనుకేం తెలుసే పాపా? అది పట్టాల మింద కూసోనుంటుందా? ఎక్స్‌ప్రెస్సు పోనీ, నేనే చెప్తాను."

పవిత్ర నవ్వి ఫోన్ పక్కన పెట్టేసింది.

పొద్దున పవిత్ర ఇడ్లీ తింటోంది. రామలక్ష్మమ్మ తొట్టి మీదికి వంగింది. నీళ్ళు అదిరాయి. చిన్నగా, గబగబా. ఆగిపోయాయి.

అది ప్యాసింజర్ వణుకు! ఆమె తల ఎత్తేసరికి చామంతుల వెనక కిటికీలన్నీ వెలుగుతూ పొట్టి బండి దాటిపోతోంది.

"పాపా! ముందొచ్చింది ప్యాసింజరు!"

పవిత్ర చెయ్యి కూడా కడుక్కోకుండా ఫోన్ తీసింది. "టైంటేబుల్ మార్చేసినారవ్వా, ఈరోజునుంచే. ఎక్స్‌ప్రెస్సు ఇప్పుడు దీని వెనక. బస్సులో పోతే చేరేలోపు గేటు మూసేస్తారు."

ఫోన్ చూడొద్దన్నది తనే. రామలక్ష్మమ్మ మళ్ళీ నీళ్ళలోకి చూసింది. హోసూరునుంచి వచ్చే బండి ఇంకా ఇటు దాటలేదు. రోజూ ఆ వణుకు వచ్చే వేళ ఇదే. అంటే అది రాయకోటకు దగ్గర్లోనే ఉండాలి. ఉన్నది ఒంటి పట్టా. అది వచ్చేదాకా ప్యాసింజర్ స్టేషన్‌లో ఆగి తీరాలి.

"తిమ్మయ్యా! యాడుండావప్పా? బైకు తియ్యి!"

పక్కింటి తిమ్మయ్య పళ్ళపుల్లతోనే బయటికొచ్చాడు. "బండి పోయినాది కదక్కా! నా బైకేమన్నా దాని ముందు ఎగురుతాదా?"

"ఆడ క్రాసింగుంది. ఎదురుబండి ఇంకా రాలే. పుల్ల ఊసేసి పో!"

బైకు దుమ్ములో కలిసిపోయింది.

ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. నీళ్ళలో రాయకోట కొండ తలకిందులుగా, కదలకుండా ఉంది. ఎదురుబండి ఎంత ఆలస్యమైతే పిల్లకు అంత మంచిది. జీవితంలో మొదటిసారి, ఒక రైలు రాకూడదని కోరుకుంది.

కొండ వణికింది. హోసూరు బండి దడదడా దాటింది. అంటే ఆడ దారి వదిలారు, ప్యాసింజర్ కదిలింది. పవిత్ర దానిలో ఉందో, ప్లాట్‌ఫారం మీద ఉందో నీళ్ళు చెప్పలేవు.

నడుముకు దోపుకున్న ఆమె చిన్న ఫోన్ మోగింది. పవిత్ర ఆయాసపడుతోంది. "ఎక్కేసినానవ్వా! నేను పోయేసరికి నిలబడే ఉండింది. నీకెట్లా తెలిసింది?"

"నాకేం తెలుసే... ముందు ఇడ్లీ చెయ్యి కడుక్కో" అని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. ఏడిళ్ళ తలుపులూ తట్టి, రేపటినుంచి ఎక్స్‌ప్రెస్ కోసం కాచుకోవద్దని చెప్పి వచ్చింది.

తిరిగొచ్చి తోటపనికి కొడవలి అందుకునేసరికి తొట్టిలో నీళ్ళు మళ్ళీ వణికాయి. చాలాసేపు. ఎక్స్‌ప్రెస్ ఎర్రటి ఎండను ఒంటినిండా పూసుకుని వస్తోంది. ఆమె చేతిలో కొడవలితో అలాగే నిలబడిపోయింది, మొదటిసారి చూస్తున్నట్టు.